భువనగిరి మెట్లు అయిపోయాయి, తర్వాత ఏంటి? నడక నుంచి చేతులు వాడి ఎక్కే కొండలకు మారడం గురించి

అనంతగిరి_ఆదివారం | శనివారం, రాత్రి 8:40

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది ఐదుగురి గుంపు, అందరం మియాపూర్, కొండాపూర్ వైపు వాళ్లమే. అనంతగిరి అడవి దారులు, రాచకొండ, భువనగిరి కోట, మహారాష్ట్రలో కల్సుబాయి అయ్యాయి. రోజుకు 20 కిలోమీటర్ల నడక ఇబ్బంది లేదు. ఇప్పుడు కాళ్లతో పాటు చేతులు కూడా వాడాల్సిన దారులకు మారాలని ఉంది. ఈ చలికాలంలో మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి హరిహర్ కోట, వచ్చే ఏడాది అటువైపే ఉన్న అలంగ్-మదన్-కులంగ్ అనే మూడు కొండకోటలు అనుకుంటున్నాం.

అడగాలనుకున్నవి: కష్టం స్థాయిని ఎలా కొలవాలి? హైదరాబాద్ దగ్గర ఎక్కడ, ఏం సాధన చేయాలి? బూట్లు మార్చాలా? తాడు కొనాలా?

---

పరుపుబండ | శనివారం, రాత్రి 9:25

మొదటి ప్రశ్న సంగతి ముందు చూద్దాం. మన దేశంలో ట్రెక్కింగ్ కంపెనీలు రాసే "సులువు, మధ్యస్థం, కష్టం" అన్న మాటలు పక్కన పెట్టండి. వాటిలో దూరం, ఎత్తు, చలి, ఆయాసం అన్నీ కలిసిపోయి ఉంటాయి. రాయి మీద కదలిక ఎంత కష్టమో అందులోంచి తెలియదు.

అమెరికాలో సియెర్రా క్లబ్ అనే సంఘం వాళ్లు 1937లో మొదలుపెట్టిన తరగతులు మనకు బాగా పనికొస్తాయి. 1 అంటే మామూలు బాట. 2 అంటే గుండ్ల మీద నడక, అక్కడక్కడ తూలకుండా చెయ్యి ఆనించడం. 3 అంటే చేతులు లేకుండా పైకి పోలేరు, పడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. 4 అంటే కదలిక ఇంకా పెద్ద కష్టం కాదుగానీ కింద లోయ ఉంటుంది, పడితే ప్రాణం పోవచ్చు, చాలామంది తాడు కట్టుకుంటారు. 5 నుంచి అసలు రాక్ క్లైంబింగ్. బ్రిటన్ వాళ్లు ఇదే మధ్య భాగాన్ని స్క్రాంబ్లింగ్ అని 1, 2, 3 గ్రేడ్లుగా చెప్తారు. ఆ గ్రేడ్ 1, ఈ తరగతి 1 ఒకటి కాదు, కలగలపొద్దు. వేల్స్‌లో క్రిబ్ గోఖ్ అనే కత్తి అంచు లాంటి శిఖరరేఖ అక్కడి లెక్కలో గ్రేడ్ 1 మాత్రమే. రెండు పక్కలా లోయ చూస్తే మనవాళ్లలో సగం మంది కూర్చుండిపోతారు.

మీరు ఇప్పటిదాకా చేసినవన్నీ 1, 2 తరగతులే. కల్సుబాయి ఇనుప నిచ్చెనలు ఎక్కడం కూడా రాయి ఎక్కడం కాదు, మేడ ఎక్కడం. కాబట్టి మీకు ఇప్పుడు కావాల్సింది 2కీ 3కీ మధ్య మెట్టు.

అంకె ఎంతైనా సరే, ఎదురుగా ఉన్న రాతి ముందు నిలబడి మూడు విషయాలు విడివిడిగా చూడండి: ఇక్కడ కదలడం ఎంత కష్టం? కాలు జారితే ఎక్కడ ఆగుతాను? సగంలో వద్దనుకుంటే వెనక్కి దిగగలనా? మొదటిది సులువై రెండోది ఘోరంగా ఉండే చోట్లే మనుషుల్ని తినేది. కష్టమైన చోట అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

---

కొండముచ్చు | శనివారం, రాత్రి 9:41

"మేడ ఎక్కడం" 😄 నిజమే కానీ ఆ మేడ 1646 మీటర్లు అన్నా, కొంచెం మర్యాద ఇవ్వండి.

---

ఎనిమిదిముడి | శనివారం, రాత్రి 11:05

సాధన చోటు గురించి నేను రాస్తాను. ఈ విషయంలో హైదరాబాద్ వాళ్ల అదృష్టం బెంగళూరు వాళ్లకు తప్ప ఇంకే పెద్ద ఊరికీ లేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు ఊరి మధ్యలో, మెట్రో దిగి ఆటో ఎక్కితే చాలు. ఖాజాగూడ గుట్ట (ఫక్రుద్దీన్ గుట్ట) మీ గుంపుకు దగ్గర.

మన రాతిలో నాలుగు రకాల నేల వస్తుంది. నాలుగింటికీ నాలుగు పద్ధతులు.

మొదటిది పరుపుబండ. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, అరికాలి రాపిడి ఒక్కటే ఆధారం. కొత్తవాళ్లు భయంతో బండకు అతుక్కుపోయి, పొట్ట ఆనించి పాకుతారు. అదే తప్పు. ఒళ్లు రాతి వైపు వాలితే బరువు కాలి మీద నుంచి తప్పుకుంటుంది, బూటు వెనక్కి జారుతుంది. నడుము కాళ్లకు సరిగ్గా పైన ఉండాలి. మడమ కిందికి దించాలి, అప్పుడే ముందరి పాదం మొత్తం రాతికి అంటుతుంది. జానెడు జానెడు అడుగులు వేయాలి. పెద్ద అంగ వేశారంటే ఒక క్షణం బరువంతా ఒంటికాలి మొన మీద పడుతుంది. చేతులు తూకం కోసం మాత్రమే, అరచేయి కిందికి నొక్కిపెట్టి ఉంచాలి.

రెండోది పెచ్చులు. గ్రానైట్ ఉల్లిపాయ పొరల్లా ఊడుతుంది. ఊడబోయే పై పొర పట్టుకోవడానికి వీలుగా, చక్కని అంచులా కనిపిస్తుంది. పట్టుకునే ముందు పిడికిలితో తట్టండి. గట్టి రాయి "టక్" మంటుంది, ఊడే పెచ్చు డొల్లగా, కుండ తట్టినట్టు మోగుతుంది. డొల్ల పెచ్చును వాడక తప్పకపోతే కిందికి నొక్కండి, మీ వైపు లాగొద్దు. అసలు వాడకుండా ఉండటం ఇంకా మేలు.

మూడోది గుండ్ల మధ్య సందు. ఒక గోడకు వీపు, ఎదుటి గోడకు కాళ్లు తన్నిపెట్టి జరుగుతూ ఎక్కడం. వీపున సంచి ఉంటే కుదరదు. సంచి విప్పి తాడుతో పైకి లాక్కోవాలి, లేదా నడుముకు వేలాడదీసుకోవాలి. లోపల చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. తేళ్లు, పాములు, గబ్బిలాలు, అన్నీ అక్కడే ఉంటాయి.

నాలుగోది గుండు పైకి లేవడం. ఛాతీ ఎత్తు అంచు మీద అరచేతులు ఆనించి, ఈత కొలను గట్టు ఎక్కినట్టు ఒంటిని లేపి, కాలు పైన పెట్టడం. అందరూ ఇక్కడ మోకాలు వాడతారు. మోకాలు వాడితే తర్వాత లేచి నిలబడటానికి జాగా ఉండదు, చిప్ప కూడా గీరుకుపోతుంది. పాదమే పెట్టాలి, కష్టమైనా సరే.

ఇవన్నీ నేల నుంచి ఒకటిన్నర మీటరు లోపల, కింద చదునుగా ఉన్నచోట, వెనక ఒకరు చేతులు చాపి నిలబడి ఉండగా చేయండి. ఆ వెనక మనిషి పని మిమ్మల్ని పట్టుకోవడం కాదు. మీ తల రాతికి తగలకుండా, కాళ్లు ముందు నేలకు ఆనేలా నడుము దగ్గర తోయడం. రెండు మీటర్ల నుంచి ఎగుడుదిగుడు రాతి మీద దూకినా చీలమండ విరుగుతుంది.

ఇంకో మాట, మొరం. బండ మీద మొరం అంటే గచ్చు మీద రాగులు పోసినట్టే. దిగేటప్పుడు జారేవాళ్లలో ఎక్కువమందిని జార్చేది ఏటవాలు కాదు, ఈ పలుకులే. అడుగు వేసే చోట బూటుతో ఊడ్చి వేయండి, అంతకుముందు అరికాలికి అంటిన మట్టిని రెండో కాలి పిక్కకు రుద్ది తుడుచుకోండి.

---

అనంతగిరి_ఆదివారం | ఆదివారం, ఉదయం 6:50

చాలా థ్యాంక్స్ అన్నా. ఎండాకాలం సంగతి ఏంటి? మా గుంపులో ఇద్దరికి వారాంతాలే దొరుకుతాయి, ఏప్రిల్‌లో కూడా పోవాలంటున్నారు.

---

ఎనిమిదిముడి | ఆదివారం, ఉదయం 7:15

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రోజంతా. మార్చి నుంచి పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు దిగిపోవాలి. కాలిన బండ మీద చేతికి చెమట పడుతుంది, అరచేతి తోలు మెత్తబడి లేస్తుంది. సాయంత్రం చల్లబడింది కదా అనుకోవద్దు, బండ ఏడెనిమిదింటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. వానాకాలంలో బండ మీద నీళ్లు కారిన నల్లచారలు చూడండి. ఎండలో అవి మామూలు రాయే. తడిస్తే పాచి, సబ్బుబిళ్ల మీద నడిచినట్టు. వాన ఆగాక తెల్లటి భాగం అరగంటలో ఆరుతుంది, నల్లచార మరుసటి రోజుకు గానీ ఆరదు.

---

బూట్ల_బేరం | ఆదివారం, ఉదయం 9:30

బూట్ల ప్రశ్నకు: మార్చాలి, కానీ ఇప్పుడే కాదు. చీలమండ పైదాకా వచ్చే బరువైన ట్రెక్కింగ్ బూట్లతో రాయి తెలియదు, మొన మొద్దుగా ఉండి చిన్న అంచు మీద నిలవదు. అలాగని రన్నింగ్ షూ వద్దు. వాటి అరికాలు దూదిలా మెత్తన, అంచు మీద నిలబడితే వంగిపోతుంది.

అప్రోచ్ షూ అని అమ్మే రకం కావాలి. మొన దగ్గర అచ్చులు లేకుండా నున్నటి రబ్బరు, మధ్యలో గట్టి అరికాలు, లేసు వేళ్లదాకా బిగించేలా ఉండాలి. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ట్రెక్కింగ్‌లో వేసుకునే సాక్సే వేసుకోండి. షాపు మెట్టు అంచు మీద బొటనవేలి భాగం మాత్రమే ఆనించి ఒంటికాలి మీద నిలబడండి. మడమ లోపల లేవకూడదు, వేళ్లు ముందుకు గుద్దుకోకూడదు. గుద్దుకుంటే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి.

మొదటి మూడు నెలలు ఉన్నవాటితోనే పరుపుబండ మీద సాధన చేయండి. మంచి రబ్బరు తప్పుడు అడుగును కూడా నిలబెడుతుంది, దాంతో తప్పు అలవాటైపోతుంది.

సంచి 20 నుంచి 25 లీటర్లది, నీళ్లతో కలిపి 5 కిలోలు దాటకుండా చూసుకోండి. నీళ్లే 3 లీటర్లు అంటే 3 కిలోలు, ఇక మిగిలిందెంతో చూసుకోండి. ఛాతీ పట్టీ, నడుము పట్టీ రెండూ బిగించాలి. సీసా, కెమెరా, వాకింగ్ స్టిక్ బయట వేలాడకూడదు. పక్కకు తిరిగినప్పుడు రాతికి తగిలి మనిషినే తోసేస్తాయి. సెల్ఫీ స్టిక్ గురించి నేనేం చెప్పను.

హెల్మెట్ తప్పనిసరి. బైకు హెల్మెట్, సైకిల్ హెల్మెట్ కాదు. లోపల ఈఎన్ 12492 (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం) అని ముద్ర ఉన్న కొండ హెల్మెట్. నుదురు కప్పేలా పెట్టుకోవాలి, వెనక్కి నెట్టి టోపీలా కాదు. గట్టిగా ఒక దెబ్బ తగిలాక బయట గీత కూడా లేకపోయినా మార్చేయాలి, లోపలి నురుగు ఒకసారే నలుగుతుంది.

---

దిగుడుబావి | ఆదివారం, ఉదయం 11:10

అందరూ ఎక్కడం గురించే రాస్తున్నారు. ఎక్కేటప్పుడు చేతులు కళ్ల ముందు ఉంటాయి, పట్టు కనిపిస్తుంది. దిగేటప్పుడు కాళ్లు పెట్టే చోటు పొట్ట కింద ఎక్కడో ఉంటుంది, పైగా అప్పటికి తొడలు అలిసిపోయి ఉంటాయి. కాబట్టి మీ స్థాయిని ఎక్కిన దాంతో కొలవద్దు. తాడు లేకుండా, తొందర లేకుండా, ఎవరూ కాలు పట్టి పెట్టకుండా వెనక్కి దిగగలిగినంతే మీ స్థాయి.

దిగడంలో మూడు తీర్లు ఉన్నాయి. వాలు తక్కువైతే ముఖం లోయ వైపు, మోకాళ్లు వంచి, ముక్కు కాలి బొటనవేళ్లను దాటేంత ముందుకు వాలి. మన ప్రాణం వెనక్కి వాలమంటుంది, వాలితే కాళ్లు ముందుకు జారి పిరుదుల మీద పడతాం. కొంచెం ఎక్కువైతే పక్కకు తిరిగి, లోపలి చెయ్యి రాతి మీద పెట్టి. ఇంకా ఎక్కువైతే పూర్తిగా రాతి వైపు తిరగాలి, నిచ్చెన దిగినట్టు. ఎప్పుడు తిరగాలో తెలియకే దెబ్బలు తగులుతాయి. చెయ్యి నడుము కన్నా కిందికి పెట్టాల్సి వస్తోందంటే తిరగాల్సిన సమయం దాటిపోయిందన్నమాట. ఇబ్బంది మొదలవ్వక ముందే, చదునుగా ఉన్న చోటే తిరిగిపోండి.

రాతి వైపు తిరిగాక చేతుల్ని ఛాతీ ఎత్తుకు దించి, అప్పుడు కాలు దించండి. చేతులు పైనే వదిలేసి కాలు దించుతూ పోతే ఒళ్లు సాగిపోయి, కింద ఏముందో కనిపించదు. నడుమును రాతి నుంచి జానెడు దూరం జరిపి, తొడల మధ్య నుంచి కిందికి చూడండి. నాలుగింట్లో మూడు ఎప్పుడూ ఆని ఉండాలి. ఒక చెయ్యో ఒక కాలో మాత్రమే కదలాలి. "పిరుదుల మీద జారుతూ వస్తా" అనేది వద్దు. జారడం మొదలైతే ఆపే సాధనం ప్యాంటు ఒక్కటే.

ఖాజాగూడలో సాధన ఇలా చేయండి: ఐదు అడుగుల రాయి ఎంచుకుని ఒకసారి ఎక్కి మూడుసార్లు అదే దారిన దిగండి. మూడోసారి చప్పుడు లేకుండా దిగాలి. బూటు చప్పుడైతే బరువు చూసుకోకుండా వేసినట్టే.

---

మెహదీపట్నం_మావయ్య | ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఇంత అవసరమా? 30 మీటర్ల తాడు ఒకటి తీసుకుపొండి, ముందు వాడు ఎక్కి పైన చెట్టుకు కట్టేస్తే మిగతావాళ్లు పట్టుకుని వచ్చేస్తారు. ఊళ్లల్లో గీత కార్మికులు మోకు ఒక్కటి పెట్టుకుని తాటిచెట్టు ఎక్కట్లేదా.

---

ఎనిమిదిముడి | ఆదివారం, మధ్యాహ్నం 2:20

మావయ్యా, గీత కార్మికుడి మోకు చెట్టునూ ఆయన్నూ కలిపి చుట్టి ఉంటుంది, ఒళ్లు వెనక్కి వాలితే బిగుస్తుంది. అది ఏళ్ల తరబడి నేర్చిన పని. మీరు చెప్పింది చేతులతో తాడు పట్టుకోవడం. ఒక్కసారి కాలు జారితే 70 కిలోల ఒంటిని తడి అరచేతులతో తాడు మీద ఆపడం ఎవరి వల్లా కాదు. ఆపబోతే అరచేతి తోలు ఊడి వస్తుంది. పైగా మన బండల మీది చెట్లు ఎక్కువగా రావి, జువ్వి జాతివే. వేళ్లు పగుల్లో రెండంగుళాల మట్టిలో ఉంటాయి. ఆకులు పచ్చగా ఉంటాయి కానీ లాగితే వేరుతో సహా వస్తుంది.

తాడు ఎందుకు కావాలో తెలిసినవాళ్లే తీసుకెళ్లాలి. రెండు రకాలున్నాయి. సాగే తాడు (ఈఎన్ 892 ముద్ర) పడిన మనిషిని ఆపడానికి. సాగని తాడు (ఈఎన్ 1891) దిగడానికి, బరువులు లాగడానికి. సాగని తాడు మీద పడితే ఆ కుదుపు అంతా నడుము మీద, కట్టిన చోటు మీద పడుతుంది. ఇనుప సామాన్ల షాపులో దొరికే నైలాన్ తాడు రెండింటికీ పనికిరాదు, బట్టలారేసుకోవచ్చు.

మీ స్థాయికి సరిపడేది: 30 మీటర్ల సాగే తాడు, దాదాపు 1.8 కిలోలు ఉంటుంది. ఒక్కొక్కరికి నడుము హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించుకునే పట్టీలు). 120 సెంటీమీటర్ల స్లింగులు (ఉంగరంలా కుట్టిన బలమైన పట్టీలు) నాలుగు, 240ది ఒకటి. మర పెట్టి బిగించే పెద్ద బేరికాయ ఆకారపు కారబైనర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు) మూడు. ఆ ఆకారం ఎందుకంటే, ఎక్కే మనిషి తాడును వదలడానికి, పట్టి ఆపడానికి వాడే ఇటాలియన్ హిచ్ ముడి రెండు వైపులా తిరగడానికి జాగా కావాలి. సన్నటి కారబైనర్‌లో ఆ ముడి ఇరుక్కుపోతుంది. నడుముకు తాడు కట్టుకునే ముడి ఒకటే, ఎనిమిది ముడి. కట్టాక తాడు కొస కనీసం జానెడు మిగలాలి. ఎదుటి మనిషి చేత చూపించుకోకుండా ఎక్కకూడదు.

గుండుకు స్లింగు చుట్టి ఆధారం చేసుకోవడం మన రాతిలో సులువు. కానీ గుండు కనీసం ఇంటి బీరువా కంటే పెద్దదిగా ఉండాలి, కింది బండకు అతుక్కుని ఉండాలి, చిన్న రాళ్ల మీద కూర్చుని ఉండకూడదు. భుజంతో నెట్టి చూడండి, కాలితో తన్ని చూడండి. స్లింగును వీలైనంత కింద చుట్టాలి, పైన చుడితే గుండు దొర్లిపోయే ప్రమాదం. స్లింగుకు మధ్యలో ముడి వేస్తే దాని బలం సగానికి పడిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇవన్నీ ఇక్కడ చదివి నేర్చుకునేవి కాదు, కొనాల్సిన వస్తువుల జాబితా మాత్రమే. భువనగిరిలో రాక్ క్లైంబింగ్ శిక్షణ ఉంది. ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఆ బండ మీదే. ముందు అక్కడ నేర్చుకోండి, తర్వాత కొనండి.

---

మెహదీపట్నం_మావయ్య | ఆదివారం, మధ్యాహ్నం 2:48

సరే, మోకు మాట వెనక్కి తీసుకుంటున్నా. బట్టలారేసుకునే తాడు ఇంట్లో ఉంది 🙏

---

నాసిక్_రైలు | ఆదివారం, సాయంత్రం 6:30

హరిహర్ గురించి. సహ్యాద్రి రాయి మన రాయి కాదు. అది బసాల్ట్, లావా పొరలు పొరలుగా గడ్డకట్టినది. నిలువు గోడ, దాని కింద గడ్డి వాలు, మళ్లీ నిలువు గోడ. గ్రానైట్ అలవాటుతో వెళ్లేవాళ్లు చేసే పొరపాటు రాపిడిని నమ్మడం. అక్కడ రాపిడి తక్కువ, అంచులు ఎక్కువ, ఆ అంచుల్లో ఊడేవి ఇంకా ఎక్కువ. ప్రతి పట్టునూ బరువు వేసే ముందు ఊపి చూడాలి. గడ్డి కుచ్చు పట్టుకుని లేవడం అసలు వద్దు.

హరిహర్ చివరి మెట్లు రాతిలో తొలిచినవి, దాదాపు నిలువు. మెట్ల రెండు చివరలా వేళ్లు పెట్టడానికి గుంటలు చెక్కి ఉంటాయి. మీరు వాడాల్సింది అవే. కదలిక పరంగా అది నిచ్చెనే. ప్రమాదం రాయి కాదు, జనం. పైకి వెళ్లేవాళ్లు, దిగేవాళ్లు ఒకే సన్నని వరుసలో ఎదురవుతారు, పై మనిషి జారితే కింద ఉన్నవాళ్లందరూ పోతారు. కాబట్టి వారాంతం వద్దు, మంగళ, బుధవారాల్లో వెళ్లండి. ముందురోజు కింద ఊళ్లోనే పడుకుని తెల్లారేసరికి మెట్ల దగ్గర ఉండండి. దిగేటప్పుడు ముఖం రాతి వైపే. పక్కవాడు ఎంత స్టయిలుగా బయటికి చూస్తూ దిగినా సరే.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఫొటోలు బాగుంటాయి, మెట్ల మీద నీళ్లు కారుతుంటాయి. నవంబరు, డిసెంబరు సరైన కాలం.

అలంగ్-మదన్-కులంగ్ మాత్రం హరిహర్ తర్వాత మెట్టు కాదు, నాలుగు మెట్ల తర్వాతది. మెట్లు కూలిపోయిన చోట తాడుతో గోడ ఎక్కాలి, తాడు మీద దిగాలి. నీళ్లు, తిండి, తాడు మోస్తూ రెండు మూడు రోజులు. సన్నటి రాతి అంచుల మీద అడ్డంగా నడవాలి. తాడు మీద దిగడం తెలిసినవాళ్లు తోడుంటే తప్ప వద్దు. తాడు మీద దిగేవాళ్లు తాడు రెండు కొసలకూ ముడి వేయాలి. కొస దాటి జారిపోవడం ఈ రంగంలో పాతకాలం నుంచీ ఉన్న చావు.

మధ్యలో ఏం చేయాలంటే, బెంగళూరు దగ్గర సావనదుర్గ. సముద్రమట్టానికి 1226 మీటర్ల ఎత్తున్న ఏకశిల, మీకు అలవాటైన గ్రానైట్ పరుపుబండే కానీ గంటల తరబడి. ఖాజాగూడలో పది అడుగులు చేసిన పనిని అక్కడ వందల అడుగులు చేయాలి. రాతి మీద గీసిన బాణం గుర్తులు వదలొద్దు. వాటికి పక్కన వాలు మెల్లగా పెరుగుతూ పోతుంది, ఎక్కడ దాటిపోయామో తెలియదు.

---

డెన్వర్‌లో_దేవరకొండోడు | సోమవారం, ఉదయం 5:55

ఇక్కడి సంగతి ఒకటి చేరుస్తా, అమెరికా వచ్చే మనవాళ్లు అడుగుతుంటారు కాబట్టి. మా కొలరాడోలో లాంగ్స్ పీక్ (14,259 అడుగులు) శిఖరానికి పోయే కీహోల్ అనే దారి 3వ తరగతి. రానుపోను దాదాపు 24 కిలోమీటర్లు. అందులో రాయి ఎక్కే భాగం చివర్లో కొంచెమే, కానీ అక్కడికి చేరేసరికి నాలుగైదు గంటలు నడిచి, గాలి పలచబడి, తొడలు అయిపోయి ఉంటాయి. తరగతి అంకె తాజాగా ఉన్న మనిషికి రాసింది, అలసిన మనిషికి అంకె ఒకటి కలుపుకోండి.

ఎండాకాలం మధ్యాహ్నాలు మెరుపులు వస్తాయి. అందుకే అందరూ రాత్రి రెండు మూడింటికే నడక మొదలుపెట్టి, పన్నెండు లోపల శిఖరం వదిలి దిగుతుంటారు. శిఖరం ఎంత దగ్గరున్నా ఫలానా గంటకు వెనక్కి తిరగాలని ఇంట్లోనే రాసుకుని రండి. పైకి వచ్చాక రాసుకునే గంటకు విలువ ఉండదు.

---

గుంపు_లెక్క | సోమవారం, ఉదయం 8:20

ఐదుగురు అన్నారు కాబట్టి. చేతులు వాడే నేల మీద ఐదుగురు అంటే ఎక్కువ. ఇద్దరు, ముగ్గురుగా విడిపోండి. నడక బాట మీద గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కేవాళ్లు కూడా రాతి మీద గుంపుగా 100 నుంచి 150 మీటర్లకు మించి ఎక్కలేరు. సమయం ఆ లెక్కన వేసుకోండి.

వదులు రాళ్ల గాడిలో ఒకరి వెనక ఒకరు వరసగా పోవద్దు. ఒకరు కదులుతుంటే మిగతావాళ్లు పక్కన, గోడ చాటున ఉండాలి. అది కుదరకపోతే బాగా దగ్గర దగ్గరగా, చెయ్యి అందేంత దూరంలో పోవాలి. అప్పుడు దొర్లిన రాయి వేగం అందుకోకముందే పక్కవాళ్లు కాలితో ఆపేయొచ్చు. మధ్యరకంగా ఇరవై అడుగుల ఎడం పెట్టుకోవడమే అన్నిటికన్నా చెడ్డది. రాయి కదిలితే, మీరు కదిలించినా కాకపోయినా, "రాయి! రాయి!" అని అరవండి. అరుపు వినగానే పైకి చూడకండి, గోడకు అతుక్కుని సంచిని మెడ మీదికి లాక్కోండి.

సాయం కోసం విజిల్ నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. 112, 108 రెండూ ఫోనులో పెట్టుకోండి. సిగ్నల్ ఎక్కడ పోతుందో ఎక్కేటప్పుడే చూసుకుంటూ పోండి.

---

కొండముచ్చు | సోమవారం, ఉదయం 9:02

ఇంట్లో కసరత్తు: పది అంతస్తుల అపార్టుమెంటు మెట్లు ఒకసారి ఎక్కితే 30 మీటర్లు. పదిసార్లు అంటే 300, హరిహర్‌కు అది చాలు. కానీ లిఫ్టులో దిగొద్దు. 5 కిలోల సంచితో దిగడమే అసలు పని. అందులో రెండుసార్లు వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకోకుండా, మెట్టు మెట్టుకూ పాదం చూసుకుంటూ దిగండి. పక్కింటి వాళ్లు చూస్తారు, చూడనివ్వండి. వాచ్‌మన్‌కు మాత్రం ముందే చెప్పండి.

వేళ్ల కోసం గడప పట్టుకుని వేలాడటం లాంటివి ఈ స్థాయికి అక్కర్లేదు. పిక్కలకు మెట్టు అంచు మీద మడమ దించి లేపడం, రోజుకు 15 చొప్పున మూడుసార్లు.

---

తేనెతుట్టె | సోమవారం, మధ్యాహ్నం 12:40

ఇంతమంది రాశారు, మన దగ్గర రాళ్ల మీద పాము కంటే ఎక్కువ భయపడాల్సిన దాని గురించి ఎవరూ రాయలేదు. కొండ తేనెటీగలు. కోట గోడల కింద, గుండు చూరు కింద నల్లటి అర్ధచంద్రాకారంలో వేలాడతాయి. దూరం నుంచి చూస్తే తుట్టె మీద అల పారినట్టు కనిపిస్తుంది. అది మిమ్మల్ని గమనించిందన్న గుర్తు, అక్కడి నుంచే వెనక్కి తిరగండి.

సెంటు, ఘాటైన వాసన నూనెలు, పొగ, డ్రోన్, పాటలు, ఏవీ వద్దు. ఒకటి కుట్టిందంటే ఆ వాసనకు మిగతావి వస్తాయి. చేతులు ఊపొద్దు, నలపొద్దు. ముక్కు, నోరు, కళ్లు బట్టతో కప్పుకుని నేల మీదైతే ఆగకుండా పరుగెత్తాలి. రాతి మీద ఉంటే పరుగెత్తడం అంటే పడటమే. అందుకే ఎక్కడానికి ముందు కింద నుంచి ఆ గోడ మొత్తం ఒకసారి చూడాలి, పైన చూరు కూడా. ముల్లును గోరుతో గీకి వెంటనే తీసేయాలి. ముఖం వాచినా, ఊపిరి బిగుసుకున్నా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా ఇక ఆలోచన వద్దు, నేరుగా ఆసుపత్రికే.

---

అనంతగిరి_ఆదివారం | సోమవారం, రాత్రి 9:15

అన్నీ రాసుకున్నాం. ఇదీ మా ప్లాను: నవంబరు నుంచి జనవరి మధ్య వరకు ప్రతి ఆదివారం ఖాజాగూడ. భువనగిరిలో శిక్షణ. జనవరి చివర్లో సావనదుర్గ. ఫిబ్రవరిలో ఒక బుధవారం హరిహర్. అలంగ్-మదన్-కులంగ్ వాయిదా. ఆ తర్వాతి చలికాలం మనాలి వైపు మంచు శిఖరం ఒకటి, తాడు శిక్షణ అయిపోతుంది కదా.

---

పరుపుబండ | సోమవారం, రాత్రి 10:05

హరిహర్ వరకు బాగుంది. చివరి గీత కొట్టేయండి. మంచు వేరే చదువు. రాతి మీద నేర్చిన కాలు మంచు మీద పనికిరాదు, ఐస్ యాక్సుతో (మంచు గొడ్డలి) జారుడు ఆపుకోవడం, క్రాంపాన్లతో (బూట్ల కింద కట్టుకునే ఇనుప మేకులు) నడవడం మొదటి నుంచి నేర్వాలి. దానికి ప్రభుత్వ పర్వతారోహణ సంస్థల్లో బేసిక్ కోర్సు ఉంది. మనాలిలో, ఉత్తరకాశీలో నెహ్రూ సంస్థలో, డార్జిలింగ్‌లో 1954 నుంచి ఉన్న హిమాలయన్ సంస్థలో. దాదాపు నాలుగు వారాలు పడుతుంది. సెలవు ఇప్పటి నుంచే అడిగి పెట్టుకోండి, సీట్లు త్వరగా నిండుతాయి. పైగా మనాలి శిఖరాలకు చలికాలం కాదు, మే, జూన్, లేదా సెప్టెంబరు.

ఇంకోటి. సావనదుర్గకు ముందు ఒక ఆదివారం ఖాజాగూడలో సంచి పూర్తి బరువుతో, హెల్మెట్ పెట్టుకుని చేయండి. హెల్మెట్ వల్ల తల మీద మూడు అంగుళాలు పెరుగుతుంది. ఆ సంగతి గుండు చూరు కింద దూరేటప్పుడు అందరికీ ఒకసారి తెలిసివస్తుంది.

---

దిగుడుబావి | సోమవారం, రాత్రి 10:20

ఐదు అడుగుల రాయి, ఎక్కేది ఒకసారి, దిగేది మూడుసార్లు. ప్లానులో అది కనిపించలేదు.

---

అనంతగిరి_ఆదివారం | సోమవారం, రాత్రి 10:31

చేర్చాం అక్కా. ఈ ఆదివారం ఆరింటికి ఖాజాగూడ, ఐదు బూట్లూ పాతవే.